కౌబాయ్ గెంతలేదు, మనమే గెంతించాం

సంపాదకులకు,

అయ్యా,

మీ ఆదివారం అనుబంధంలో మూకీల నాటి కౌబాయ్ చిత్రాల మీద వచ్చిన వ్యాసం బాగుంది, బొమ్మలు ఇంకా బాగున్నాయి. కానీ అందులో రెండు మాటలు అలాగే వదిలేస్తే చదివినవాళ్లు ఆ సినిమాల జోలికే వెళ్లరు. ఆ రోజుల్లో తెర మీద మనుషులూ గుర్రాలూ కీలుబొమ్మల్లా గెంతేవన్నది ఒకటి. రాత్రి జరిగే దోపిడీని కూడా పట్టపగలు తీసేసి జనాన్ని వెర్రివాళ్లను చేసేవారన్నది రెండోది. వ్యాసకర్త తన కంటికి కనిపించిందే రాశారు, కాదనడం లేదు. కాకపోతే ఆయన చూసింది ఆ సినిమాను కాదు, ఈ నూరేళ్లలో ఆ సినిమాకు పట్టిన గతిని.

ముందు వేగం సంగతి. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు, అంటే విడివిడి బొమ్మలు, ఉంటాయి. ఆనాటి కెమెరాకు మోటారు లేదు. కెమెరామన్ పక్కనున్న హ్యాండిల్ చేత్తో తిప్పాలి. ఒక చుట్టుకు 8 ఫ్రేములు, సెకనుకు రెండు చుట్లు. అంటే సెకనుకు 16 ఫ్రేములు, నిమిషానికి 60 అడుగులు. ఇది కాగితం మీది లెక్క. 1910ల నుంచి వేగం మెల్లగా పెరుగుతూ వచ్చి, 1920ల నడుమకు 20 దాటిపోయింది. తిప్పే చెయ్యి మారితే ఒకే సినిమాలో సీనుకో వేగం కూడా ఉంటుంది. మాటలొచ్చాక శబ్దం ఒకే తీరుగా వినబడేందుకు సెకనుకు 24 ఫ్రేములని ఖాయం చేశారు, అంటే నిమిషానికి 90 అడుగులు. 16లో తీసినదాన్ని 24లో ఆడిస్తే ఒకటిన్నర రెట్లు వేగంగా పోతుంది. నడక పరుగవుతుంది, పరుగు గంతవుతుంది, గంభీరంగా తలూపిన షెరీఫ్ పిచ్చుకలా తలాడిస్తాడు. తర్వాత టీవీల వాళ్లూ వీడియో క్యాసెట్ల వాళ్లూ చాలా సినిమాలను ఇలాగే ఎక్కించారు. ఆ కాపీలే ఇప్పుడు అంతర్జాలంలో తిరుగుతున్నాయి.

ఒక సినిమా పట్టుకుని చూస్తే తేలిపోతుంది. ఎడిసన్ కంపెనీ కోసం ఎడ్విన్ ఎస్. పోర్టర్ తీసిన 'ది గ్రేట్ ట్రెయిన్ రాబరీ' 1903 డిసెంబరులో వచ్చింది. పొడవు సుమారు 740 అడుగులు. సెకనుకు 16 చొప్పున ఆడిస్తే 12 నిమిషాల 20 సెకన్లు, 18 చొప్పున 11 నిమిషాలు, 24 చొప్పున 8 నిమిషాల 13 సెకన్లు పడుతుంది. మీ చేతిలో ఉన్న కాపీలో ముందూ వెనకా తగిలించిన సంస్థల పేర్లు తీసేసి కొలవండి. ఎనిమిది నిమిషాల దగ్గర ఆగితే వేగం తప్పినట్టే. ఏ మూకీకైనా ఇదే పద్ధతి. పొడవు అడుగుల్లో తెలిస్తే నిడివితో భాగించండి. 60కీ 75కీ మధ్య వస్తే నమ్మొచ్చు. 90 వచ్చిందంటే, 1925 తర్వాతి సినిమా అయితే తప్ప, అనుమానించాల్సిందే.

పొడవు తెలియనప్పుడు కిందపడే వస్తువును చూడండి. నటుడి నడక మనల్ని మోసం చేయొచ్చు గానీ తల మీంచి జారిపడే టోపీ చేయదు. గుర్రం డెక్కల నుంచి లేచిన దుమ్ము, రైలింజను పొగ, ఏటి నీళ్లు కూడా సాక్ష్యమే. కంప్యూటరులో వీడియోలు ఆడించే వీఎల్‌సీ ప్లేయరులో వేగాన్ని ముందు 0.67కు తగ్గించండి. మరీ నీళ్లలో నడుస్తున్నట్టుంటే 0.75, అదీ మందంగా ఉంటే 0.83. ఇవి వరసగా 16, 18, 20 ఫ్రేములకు సరిపోతాయి. ధ్వని ముందే కట్టేయండి, లేకపోతే ఎవరో తగిలించిన పియానో సాగిపోయి చెవులు పగులుతాయి. వేగం సరిగ్గానే ఉన్నా బొమ్మ చిన్నచిన్న కుదుపులతో నడుస్తుంటే, ఆ కాపీ చేసినవాళ్లు వేగం సరిచేయడానికి కొన్ని ఫ్రేములను రెండేసిసార్లు వేశారని అర్థం. దాన్ని మీరు మళ్లీ తగ్గిస్తే మరీ చెడుతుంది.

అయితే అన్నిటినీ తగ్గించాలని కాదు. గుర్రాలు తరుముకునే సీన్లలో కెమెరామన్లు కావాలనే మెల్లగా, సెకనుకు 12 లేదా 14 ఫ్రేములే వచ్చేలా తిప్పేవారు. తెర మీద అది వేగంగా కనబడాలనే అలా చేశారు. మొత్తం సినిమాను ఒకే అంకె దగ్గర బిగిస్తే ఆనాటి కౌబాయ్ తార టామ్ మిక్స్ సినిమాల ఊపు పోతుంది. మనుషులు మాట్లాడుకునే సీను చూసి వేగం నిర్ణయించండి, పరుగుల్ని వాటి మానాన వదిలేయండి.

పోర్టర్ సినిమాలో వ్యాసకర్త ప్రస్తావించని పనితనం ఒకటుంది. మొదటి సీను టెలిగ్రాఫ్ ఆఫీసు. కుడివైపు కిటికీలోంచి రైలు వచ్చి ఆగడం కనిపిస్తుంది. ఆఫీసు న్యూయార్క్ స్టూడియోలో వేసిన సెట్టు, రైలు బయట పట్టాల మీద తీసింది. సెట్టు తీసేటప్పుడు కిటికీ భాగానికి వెలుతురు తగలకుండా మూసేశారు. ఫిల్మును వెనక్కి చుట్టి, ఈసారి మిగతా భాగమంతా మూసి, కిటికీ మేరకే రైలును తీశారు. ఒకే నెగెటివ్ మీద రెండుసార్లు. వెనక్కి చుట్టడంలో ఫ్రేము లెక్క తప్పినా, ఫిల్ము అంచున ఉండే రంధ్రాలు కాస్త వదులైనా గుట్టు బయటపడుతుంది. జాగ్రత్తగా చూస్తే కిటికీలోని రైలు గోడతో సంబంధం లేకుండా సన్నగా వణుకుతుంటుంది. రైలు టపా బోగీలో తలుపు బయట చెట్లు పరుగెత్తే సీనులోనూ ఇదే కిటుకు. ఇంజను మీద కొట్లాటలో ఒక దొంగ రైలు పనివాడిని బాది కిందికి విసిరేస్తాడు. విసిరేది మనిషిని కాదు, దిష్టిబొమ్మలాంటి బొమ్మను. అందరూ కదలకుండా నిలబడితే కెమెరా ఆపి, మనిషిని తప్పించి, బొమ్మను పడుకోబెట్టి మళ్లీ తిప్పారు. ఆ అతుకు దగ్గర చిన్న ఎగురు కనిపిస్తుంది, ఎంత నేర్పుగా చేసినా దాగదు.

ఇక అందరికీ తెలిసిన షాట్, మీసాల దొంగ సూటిగా మన వైపు తుపాకీ పేల్చేది. ఆ నటుడు జస్టస్ డి. బార్న్స్. దాన్ని సినిమా మొదట్లో వేయాలా చివర్లో వేయాలా అన్నది ప్రదర్శించేవాడి ఇష్టానికే వదిలేశారు, కంపెనీ క్యాటలాగులోనే ఆ మాట రాశారు. కాబట్టి మొదట్లో వచ్చే కాపీ చూసి 'ఎడిటింగ్ తప్పు' అన్న మీ వ్యాసకర్త మాట వెనక్కి తీసుకోవాలి.

రెండో సంగతి, రాత్రి. ఆ కాలపు ఫిల్ముకు రాత్రిపూట ఆరుబయట తీసేంత చురుకు లేదు. అందుకని పగలే తీసి, ప్రింటులోని ఆ ముక్కను నీలం రంగు నీళ్లలో ముంచేవారు. నీలం అంటే రాత్రి అని చూసేవాడికి తెలుసు. దీపం వెలుగున్న గదికి పసుపు కలిసిన గోధుమరంగు, మంటలకు ఎరుపు. ఆ తర్వాతెప్పుడో ఆ ప్రింట్ల నుంచి నలుపు తెలుపు నకళ్లు తీసినవాళ్లు రంగులు వదిలేశారు. రంగు పోయింది, ఎండ మిగిలింది. లాంతరు పట్టుకుని కళ్లు చిట్లించి దారి వెతుక్కునే మనిషి వెనక నీడలు నల్లగా పడుతుంటే ఇప్పటివాళ్లకు నవ్వొస్తుంది. నవ్వాల్సింది నకలు తీసినవాడిని చూసి.

ఫిల్ము సంగతి ఇంకో మాట. అప్పట్లో వాడిన ఆర్థోక్రోమాటిక్ ఫిల్ముకు ఎరుపు కనబడదు, నీలం మరీ ఎక్కువగా కనబడుతుంది. అందుకే అరిజోనా ఆకాశం సున్నం కొట్టినట్టు తెల్లగా, మబ్బు తునక లేకుండా ఉంటుంది. మెడకు కట్టిన ఎర్ర రుమాలు నల్లగా వస్తుంది, నీలి చొక్కా వెలిసిన తెలుపవుతుంది, నీలికళ్ల నటుడి కనుపాపలు మాయమవుతాయి. ఎర్రబడ్డ చర్మం మసి పూసినట్టుంటుంది కాబట్టి మొహానికి పూత తప్పనిసరి. ఎరుపునూ పట్టే పాంక్రోమాటిక్ ఫిల్ము 1920ల నడుమ గాని వాడుకలోకి రాలేదు. కౌబాయ్ సినిమాల్లో మబ్బులు అందంగా కనబడటం మొదలైంది అప్పుడే. మంచివాడికి తెల్ల టోపీ, చెడ్డవాడికి నల్ల టోపీ అన్న సూత్రాన్ని కూడా ఈ కాలానికి అంటగట్టకండి. ఆనాటి మరో కౌబాయ్ తార విలియం ఎస్. హార్ట్ వేసుకున్న బట్టలు చూస్తే ఆ సూత్రం అక్కడే కూలిపోతుంది.

హీరోల వరస కూడా వ్యాసంలో తారుమారైంది. మొదటి కౌబాయ్ తార టామ్ మిక్స్ కాదు, 'బ్రాంకో బిల్లీ' ఆండర్సన్. అసలు పేరు మాక్స్ ఆరన్సన్, 1880లో ఆర్కన్సాలోని లిటిల్ రాక్‌లో పుట్టాడు. పోర్టర్ సినిమాలో మూడు చిన్న వేషాలు వేశాడు. పారిపోబోయి వెన్నులో గుండు తగిలి పడిపోయే ప్రయాణికుడు అతనే. గుర్రం ఎక్కడం రాక ఆ షూటింగులో పడిపోయాడనీ చెబుతారు. 1907లో జార్జ్ కె. స్పూర్‌తో కలిసి చికాగోలో ఎస్సెనే కంపెనీ పెట్టాడు. ఇద్దరి ఇంటిపేర్ల తొలి అక్షరాలు ఎస్, ఎ, అదే ఎస్సెనే. 1910లో 'బ్రాంకో బిల్లీస్ రిడెంప్షన్'తో ఆ పాత్ర పుట్టింది. 1912 నుంచి 1916 దాకా కాలిఫోర్నియాలోని నైల్స్ అనే చిన్న ఊళ్లో స్టూడియో నడిపి, ఒక్కో రీలు చొప్పున వారం వారం తీసినంత పని చేశాడు. రీలంటే వెయ్యి అడుగులు, పావుగంట. అంత కురచ కథలో దొంగ మంచివాడు కావాలంటే పసిబిడ్డో, జబ్బుపడిన మనిషో అడ్డుపడాలి. చాలా సినిమాల్లో అదే జరుగుతుంది. కథలు ఒకదానికొకటి కలవవు. ఒకదాంట్లో చచ్చిపోయిన బిల్లీ వచ్చేవారం ఇంకోదాంట్లో షెరీఫ్. నటనలో గొప్పేమీ లేదు, మొహం దొడ్డుగా ఉంటుంది. కానీ ఒకే పేరుతో ఒకే మనిషి మళ్లీ మళ్లీ వస్తే జనం అతని కోసమే వస్తారన్న కిటుకు మొదట కనిపెట్టింది అతనే. 1958లో అతనికి గౌరవ ఆస్కార్ ఇచ్చారు.

హార్ట్ దగ్గర కాస్త ఆగాలి. 1864లో పుట్టాడు, రంగస్థల నటుడు, 1899లో బ్రాడ్వేలో 'బెన్ హర్' నాటకం వేసినప్పుడు మెస్సాలా వేషం కట్టాడు. సినిమాల్లో అడుగుపెట్టింది 1914లో, 49 ఏళ్ల వయసులో. అప్పటి కౌబాయ్ సినిమాల్లో బట్టలూ జీన్లూ అబద్ధమని చిరాకుపడి, నిర్మాత థామస్ ఇన్స్ దగ్గర చేరి తానే తీయడం మొదలుపెట్టాడు. సాంటా మోనికా పక్కన సముద్రపు కొండల్లో ఇన్స్ స్టూడియో ఉండేది, ఇన్స్‌విల్ అనేవారు. మిల్లర్ సోదరుల '101 రాంచ్' సర్కసు బృందాన్ని చలికాలానికి కుదుర్చుకోవడంతో నిజమైన కౌబాయ్‌లూ, గుర్రాలూ, బళ్లూ అక్కడికి వచ్చిపడ్డాయి. దక్షిణ డకోటాలోని పైన్ రిడ్జ్ నుంచి సూ తెగ ఆదివాసులు వచ్చి అక్కడే గుడారాలు వేసుకుని సినిమాల్లో వేషాలు వేశారు.

హార్ట్ ఒక్క సినిమా చూడాలంటే 1916 నాటి 'హెల్స్ హింజెస్' చూడండి. అయిదు రీళ్లు, కాస్త గంట పైన. పాపాల పుట్ట లాంటి ఊరికి కొత్తగా ఒక కుర్ర పాదిరీ, అతని చెల్లెలు వస్తారు. వాళ్లను తరిమేయమని సారా దుకాణం యజమాని తుపాకీవీరుడు బ్లేజ్ ట్రేసీని పురమాయిస్తాడు. ట్రేసీ ఆ పిల్ల మొహం చూసి ఆగిపోతాడు. ఇక్కడ హార్ట్ కనురెప్ప కూడా కదపడు. ఎదుటివాళ్లు చేతులూపుతూ మొహాలు విరుస్తుంటే అతని మొహంలో ఏమీ జరగనట్టే ఉంటుంది, ఆ ఏమీ లేకపోవడమే మనల్ని పట్టుకుంటుంది. ఆ తర్వాత బైబిలు చదవడానికి కూర్చుంటాడు, పక్కనే సీసా, వేళ్ల మధ్య సిగరెట్టు. మారిన మనిషిని ఇంత నమ్మేట్టు చూపించినవాళ్లు తక్కువ. పాదిరీనేమో తాగుబోతును చేసి, అతని చేతే గుడికి నిప్పు పెట్టించబోతారు. చివర ట్రేసీ రెండు తుపాకులతో సారా దుకాణంలో గుంపును నిలబెట్టి, వేలాడే దీపాలను కాల్చి కింద పడేసి, ఊరినే తగలబెడతాడు. సెట్టు వేసి నిజంగా కాల్చారు. పొగలో మనుషులు నల్లటి నీడల్లా పరుగెత్తే ఆ షాట్లు తీసింది జోసెఫ్ ఆగస్ట్. ఈ భాగం ఎరుపు రంగుతో చూస్తేనే దాని విలువ తెలుస్తుంది.

ఇదే సినిమాలో సారా దుకాణం యజమానిని పరిచయం చేసే టైటిల్ కార్డు మెక్సికన్లందరినీ కుటిలులన్నట్టు మాట్లాడుతుంది. ఆ కార్డును కత్తిరించి చూపించేవాళ్లున్నారు. అది సరికాదు, ఉన్నదున్నట్టు వేసి, ముందుగా ఒక మాట చెబితే చాలు. ఎందుకంటే పశువుల మేపకపు విద్య, తాడు విసరడం, జీను, చివరికి ఆ పనిలో వాడే చాలా మాటలు కూడా మెక్సికో పశువుల కాపరులైన 'వకేరో'ల దగ్గర నేర్చినవే. కౌబాయ్‌లలో నల్లవాళ్లు చాలామంది. ఎద్దు కొమ్ములు పట్టుకుని మెడ తిప్పి పడేసే విద్యకు పేరుపడ్డ బిల్ పికెట్ నల్లవాడు. రిచర్డ్ నార్మన్ కంపెనీ 1922లో అతనితో 'ది బుల్-డాగర్' తీసింది. ఫ్రెంచి సినిమా కంపెనీ పాథేకి దర్శకుడు జేమ్స్ యంగ్ డీర్, తెర మీద రెడ్ వింగ్ అన్న పేరుతో నటి లిలియన్ సెయింట్ సిర్ పనిచేశారు. తొలినాళ్ల ఆదివాసీ కథల్లో ఇద్దరిదీ పెద్ద చెయ్యి. వీళ్లెవరూ వ్యాసంలో లేరు.

టామ్ మిక్స్ హార్ట్‌కు పూర్తిగా వ్యతిరేకం. పెన్సిల్వేనియాలో పుట్టాడు, 101 రాంచ్‌లో పనిచేశాడు, సెలిగ్ కంపెనీలో పొట్టి సినిమాలు చేసి 1917లో ఫాక్స్ కంపెనీకి వెళ్లాడు. దక్షిణాఫ్రికాలోని బోయర్ యుద్ధంలో పోరాడాడనీ ఇంకోటనీ మీరు అచ్చువేసిన వివరాలు ప్రచారం కోసం అల్లినవి. సైన్యంలో చేరినమాట నిజమే, యుద్ధం మాత్రం చూడలేదు. కానీ గుర్రం మీద అతను చేసినవి అబద్ధం కాదు. ఎంబ్రాయిడరీ చొక్కా, పెద్ద టోపీ, టోనీ అనే గుర్రం, అరగంటకోసారి దూకుడు. హీరో తాగడు, చంపడం కన్నా తాడేసి కట్టడం ఇష్టం. పిల్లలు హార్ట్‌ను వదిలి ఇటు తిరిగింది అందుకే. 1927లో హాలీవుడ్ చైనీస్ థియేటర్ ముందు సిమెంటులో అతని చేతులతో పాటు టోనీ డెక్కలూ ముద్ర వేశారు. మొదటిసారి చూసేవాళ్లకు 1926 నాటి 'ది గ్రేట్ కె అండ్ ఎ ట్రెయిన్ రాబరీ' సరిపోతుంది. కొలరాడోలో తీశారు, అసలు రైలు, అసలు లోయ. అన్నట్టు, 1929 జనవరిలో పాతకాలపు అసలు షెరీఫుల్లో పేరుమోసిన వయట్ ఎర్ప్ చనిపోతే పాడె మోసినవాళ్లలో హార్ట్, మిక్స్ ఇద్దరూ ఉన్నారు. కథల్లోని అమెరికా పడమర సీమ, అసలు పడమర సీమ అంత దగ్గరగా బతికాయి.

మరో కౌబాయ్ నటుడు హ్యారీ కేరీ గురించి ఒక్క ముక్క. దర్శకుడు జాన్ ఫోర్డ్ 1917లో అతనితో తీసిన 'స్ట్రెయిట్ షూటింగ్'లో నడివీధి పోరు ఉంది. కానీ ఇద్దరి చేతుల్లోనూ రైఫిళ్లు. రెప్పపాటులో తుపాకీ లాగడం ఎక్కువగా తర్వాతి కాలపు మోజు.

తుపాకుల మాటొచ్చింది కాబట్టి, వినబడని తుపాకీ పేలిందని ఎలా తెలుస్తుంది? పొగను బట్టి. అందుకే గుండు లేని తూటాల్లో పాతకాలపు నల్లటి తుపాకీమందే వాడేవారు. పొగరాని కొత్తరకం మందు వాడితే తెర మీద ఏమీ జరగనట్టుంటుంది. చిక్కేమిటంటే గుండు లేకపోయినా మందు చెదరకుండా మూతికి పెట్టిన అట్ట బిళ్ల దగ్గర్నుంచి తగిలితే చర్మం చీలుతుంది, మొహం కాలుతుంది. దూరపు షాటుకు నిండుగా, దగ్గరి షాటుకు సగమో పావో మందు పోసేవారు. గదిలో తీసేటప్పుడు రెండు పేలుళ్లకే పొగ కమ్ముకుని నటులు కనబడకుండా పోతారు, గాలాడేదాకా ఆగాల్సిందే.

గుర్రాలు పడిపోయే సీన్లు చూసి మెచ్చుకునే ముందు అవెలా తీశారో తెలియాలి. గుర్రం ముందుకాళ్లకు పట్టీలు వేసి, వాటికి సన్నని తీగలు కట్టి, కడుపు కింద జీను పట్టీకున్న కడియంలోంచి దూర్చేవారు. తీగ రెండో కొస నేలలో పాతిన దుంగకు. గుర్రం దౌడు తీస్తుంది, తీగ పొడవు అయిపోగానే ముందుకాళ్లు ఒక్కసారిగా కడుపు కిందికి లాగేసుకుంటాయి. ఎక్కడ పడుతుందో రౌతుకు తెలుసు, గుర్రానికి తెలియదు. మెడ విరిగినవి, కాళ్లు విరిగి కాల్చేయాల్సి వచ్చినవి ఎన్నో. హార్ట్ తన గుర్రం ఫ్రిట్జ్‌ను ఇలా చేయనిచ్చేవాడు కాదు. 1924లో ఒక సినిమాకు కొండ మీంచి పడే సీనులో ఫ్రిట్జ్ పోలికతో బొమ్మ గుర్రాన్ని చేయించి దొర్లించాడు. అది ఎంత నమ్మకంగా వచ్చిందంటే, గుర్రాన్ని హింసించావని ఎదురు సంజాయిషీ అడిగారు.

ఈ సినిమాల్లో మిగిలినవి తక్కువ. అమెరికాలో 1912 నుంచి 1929 వరకు వచ్చిన పూర్తి నిడివి మూకీలు దాదాపు 11 వేలు. అసలు రూపంలో పూర్తిగా దొరికేవి 14 శాతమేనని అక్కడి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో లెక్క తేల్చింది. ఆ ఫిల్ము సెల్యులోజ్ నైట్రేట్. తనలోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి నీళ్లలో ముంచినా మండుతుంది. పాతబడితే బొమ్మ వెలుస్తుంది, తర్వాత బంకలా అతుక్కుంటుంది, చివరికి గోధుమరంగు పొడి. 1937 జులై 9న న్యూజెర్సీలోని లిటిల్ ఫెర్రీలో గాలాడని గోదాములో, మండుటెండల రోజుల్లో, కుళ్లుతున్న ఫిల్ము దానంతటదే అంటుకుంది. ఫాక్స్ వాళ్ల మూకీలు అక్కడే ఉన్నాయి. టామ్ మిక్స్ సినిమాలు ఎక్కువగా పోయింది ఆ ఒక్కరోజే. 'స్ట్రెయిట్ షూటింగ్' మాత్రం ప్రాగ్‌లోని ఆర్కైవులో 1960లలో బయటపడింది. మనం వాళ్లను చూసి జాలిపడే పరిస్థితిలో లేం. రఘుపతి ప్రకాశ్ 1921లో తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ' ఒక్క అడుగైనా మిగల్లేదు.

అసలు ఫిల్ములోనే తేడా వచ్చిన సందర్భమూ ఉంది. 1913 చివర్లో హాలీవుడ్ కొట్టంలో మొదలెట్టిన 'ది స్క్వా మాన్' అనే కౌబాయ్ సినిమా పూర్తయ్యాక తెర మీద వేస్తే బొమ్మ పైకి పాకిపోయింది. అడుగుకు 64 రంధ్రాలుండాలి, వాళ్లు వాడిన పాత యంత్రం లెక్క తప్పి పొడిచింది. ఫిలడెల్ఫియాలో సినిమా నిర్మాత సిగ్మండ్ లూబిన్ మనుషులు నెగెటివ్ అంచున సన్నని ఫిల్ము పట్టీ అతికించి, మళ్లీ సరైన లెక్కలో రంధ్రాలు పొడిచి కాపాడారు.

ఇక తెలుగు సంగతి. మన కౌబాయ్ ఈ మూకీల నుంచి వచ్చాడని వ్యాసం ముక్తాయించింది. రాలేదు. 1971లో కృష్ణ నటించగా కె.ఎస్.ఆర్. దాస్ తీసిన 'మోసగాళ్ళకు మోసగాడు' తీరు చూడండి. చెమటపట్టిన మొహాల దగ్గరి షాట్లు, నిధి వేట, ఎవరినీ నమ్మని హీరో. ఇదంతా 1960ల ఇటలీ కౌబాయ్ సినిమాల వరవడి. హార్ట్ పశ్చాత్తాపం గానీ మిక్స్ పిల్లల సరదా గానీ అందులో లేవు. అసలు లింకు వేరే చోట ఉంది. 1910లలో మద్రాసులో రఘుపతి వెంకయ్య గెయిటీ థియేటరు నడిపే నాటికి మన తెరల మీద ఆడినవాటిలో ఎక్కువ విదేశీ చిత్రాలే. హాల్లో హార్మోనియం, తబలా ఉండేవి. టైటిళ్లు చదవలేనివాళ్ల కోసం తెర పక్కన ఒకాయన నిలబడి కథ చెప్పేవాడు.

ఆ పద్ధతే ఇప్పుడు కాలేజీ ఫిల్మ్ క్లబ్బులు చేయగలిగేది. 'ట్రెయిన్ రాబరీ', ఒక బ్రాంకో బిల్లీ, 'హెల్స్ హింజెస్' కలిపితే గంటన్నర పైచిలుకు. ఈ మూడింటికీ అమెరికాలోనూ మనదేశంలోనూ కాపీరైటు కాలం చెల్లిపోయింది. అయితే కొత్తగా చేర్చిన సంగీతానికీ, బాగుచేసిన కాపీలకూ హక్కులుండొచ్చు, ఆ ధ్వని తీసేసి మీ వాద్యాలు పెట్టుకోండి. టైటిళ్లన్నీ ముందే రాసుకుని తెలుగులో పెట్టుకోవాలి. కార్డు తెర మీద ఉండేంతలో చదివేయగలిగే పొడవుండాలి, గడియారం పెట్టుకుని రెండుసార్లు పైకి చదివి చూడండి, మించితే విశేషణాలు కొట్టేయండి. హార్ట్ కార్డుల్లో పల్లె యాస ఉంటుంది. దాన్ని మన ఏదో ఒక జిల్లా యాసలోకి దింపితే హాలంతా నవ్వులే, మామూలు వాడుక మాటలు చాలు. చదివే గొంతు ఒక్కటే ఉండాలి, ఆడ గొంతుకూ మగ గొంతుకూ అనుకరణలు వద్దు.

వాద్యానికి హార్మోనియం బాగా పనికొస్తుంది, స్వరం పట్టి నిలపగలదు కాబట్టి. తబలావాడు గుర్రాల పరుగు దగ్గర డెక్కల చప్పుడుకు తాళం కలపబోతాడు, వద్దనండి. తెర మీద ఆరు గుర్రాలుంటే ఏ డెక్కకు వేస్తాడు? మొత్తం ఊపుకు వేయమనండి. పాశ్చాత్య హాళ్లలో పియానోవాళ్లు 1913 నాటి స్వరకర్త జామెక్నిక్ స్వరాల పుస్తకం నుంచి 'హర్రీ మ్యూజిక్' అనే ముక్కను ఇలాంటి చోట్ల వాయించేవారు. ఈల పాటలు, గిటారు మీటులు పెట్టకండి, అవీ ఇటలీ సరుకే. తుపాకీ పేలిన చోట చప్పుడు చేయకుండా ఒక క్షణం వాయిద్యం ఆపితే మరీ బాగుంటుంది.

నలుపు తెలుపు కాపీ తప్ప దొరకకపోతే, రాత్రి సీన్లకు ఏదైనా ఉచిత ఎడిటింగ్ సాఫ్టువేరులో పలచని నీలం పొర వేసుకోవచ్చు. మనిషి కంటిలోని తెలుపు తెలిసేంత పలచగా ఉండాలి, అది మాసిందంటే రంగు ఎక్కువైందన్నమాట. ఏ సీను రాత్రో అనుమానంగా ఉంటే లాంతరు, కొవ్వొత్తి, నిద్రపోతున్న మనుషులు ఉన్నారేమో చూడండి. అప్పటికీ తేలకపోతే ఆ సీనును అలాగే వదిలేయండి.

ఇట్లు
ఒక పాఠకుడు, గుంటూరు